కరెంటు పారేదీ, పారనిదీ ఒకే రాయిలో

ఒడిశాలోని గోపాలపూర్ తీరంలో అల వెనక్కి తగ్గాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. గుప్పిట్లోకి తీసుకుంటే మామూలు ఇసుక కన్నా బరువుగా ఉంటుంది, మిట్టమధ్యాహ్నం కాలు పెడితే చురుక్కుమంటుంది. ఆ నలుపుకు ప్రధాన కారణం ఇల్మెనైట్ అనే ఖనిజం. దానితోపాటు రూటైల్, జిర్కాన్, మోనజైట్, సిల్లిమనైట్, గోమేదికానికి చుట్టమైన గార్నెట్ కూడా అదే ఇసుకలో కలిసి ఉంటాయి. బరంపురానికి కాస్త దూరంలో ఛత్రపురం దగ్గర ఐఆర్ఈఎల్ సంస్థ నడిపే ఒరిస్సా శాండ్స్ కాంప్లెక్స్ పని ఈ గింజల్ని వేటికవి విడదీయడమే. స్థానికంగా దాన్ని ఓస్కామ్ అంటారు.

విడదీయడం ఎలాగన్నదే ఆసక్తికరం. తేలికపాటి ఇసుకను నీళ్లతో కడిగి తీసేయొచ్చు, అయస్కాంతానికి లొంగేవాటిని అయస్కాంతంతో లాగేయొచ్చు. కానీ రూటైల్, జిర్కాన్ రెండూ బరువైనవే, రెండూ అయస్కాంతానికి లొంగనివే. వాటి మధ్య తేడా పట్టిచ్చేది కరెంటు ఒక్కటే. భూమికి కలిపిన ఒక లోహపు డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. దాని మీద పలుచగా గింజల్ని జారవిడుస్తారు. పక్కనే సన్నటి తీగకు ఇరవై, ముప్పై వేల వోల్టులు ఇస్తే, ఆ తీగ చుట్టూ గాలి చిటపటలాడి గింజలన్నిటి మీదా విద్యుదావేశం చల్లుతుంది. కరెంటు పారనిచ్చే గింజ తన మీద పడ్డ ఆవేశాన్ని వెంటనే డ్రమ్ముకు ఇచ్చేసి తేలికవుతుంది. డ్రమ్ము తిరిగే ఊపుకు ఎగిరి దూరంగా పడుతుంది. పారనివ్వని గింజ ఆవేశాన్ని వదులుకోలేక డ్రమ్మును పట్టుకునే వేలాడుతుంది. వెనక్కి వెళ్లాక బ్రష్షు దాన్ని గీకి రాలుస్తుంది. ఇల్మెనైట్, రూటైల్ ఒక తొట్టిలోకి, జిర్కాన్, మోనజైట్, సిల్లిమనైట్, గార్నెట్ ఇంకో తొట్టిలోకి చేరతాయి.

బడి పుస్తకం చదువుకున్నవారికి ఇక్కడ ఒక అనుమానం రావాలి. రూటైల్ అంటే టైటానియం డయాక్సైడు. గోడలకు వేసే తెల్ల రంగులో ఉండేది అదే పదార్థం. స్వచ్ఛమైన రూటైల్ గుండా కరెంటు దాదాపు పారదు. మరి డ్రమ్ము దాన్ని వాహకాల తొట్టిలో ఎందుకు వేస్తోంది? మొదటి జవాబు, సముద్రపు ఇసుకలోని రూటైల్ స్వచ్ఛమైనది కాదు. ఇనుము, నయోబియం లాంటివి దానిలో ఇరుక్కుని ఉంటాయి, అక్కడక్కడ ఆక్సిజన్ పరమాణువు ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది. రెండో జవాబు ఇంకా ముఖ్యం. ఆ డ్రమ్ము అడిగే ప్రశ్న 'కరెంటు పారుతుందా, పారదా' అని కాదు. 'నా మీద ఉన్న ఈ కాస్త సమయంలో నీ ఆవేశం కారిపోతుందా' అని.

లెక్క వేస్తే తేటపడుతుంది. గింజ మీది ఆవేశం కారిపోవడానికి పట్టే కాలం దాని నిరోధకతను (కరెంటును అడ్డుకునే గుణాన్ని), విద్యుత్ క్షేత్రంలో అది ఆవేశాన్ని నిలుపుకునే గుణాన్ని హెచ్చిస్తే వస్తుంది. నిరోధకత 10⁸ ఓం-మీటర్లు ఉన్న గింజకు ఆ కాలం సుమారు సెకనులో నూరో వంతు. 10¹² ఉన్న గింజకు నిమిషంన్నర. డ్రమ్ము మీద గింజ ఉండేది సెకనులో కొద్ది వంతే కాబట్టి మొదటిది 'వాహకం', రెండోది కరెంటు పారనివ్వని 'బంధకం'. రాగి నిరోధకత 1.7 × 10⁻⁸ ఓం-మీటర్లు. అంటే ఛత్రపురంలో వాహకంగా చెలామణీ అయ్యే గింజ రాగి కన్నా కోటి కోటి రెట్లు అధ్వాన్నమైనా కావచ్చు. అయినా ఆ పనికి అది వాహకమే.

ఇంకో చిక్కు కూడా ఉంది. గింజల్ని వేడిచేసి, బాగా ఆరబెట్టాకే డ్రమ్ము మీదకు పంపాలి. తేమగా ఉన్న గాలి తగిలితే జిర్కాన్ గింజ మీద కంటికి కనబడని నీటిపొర ఏర్పడుతుంది. ఆ పొర వెంట ఆవేశం కారిపోయి, జిర్కాన్ కూడా వాహకంలా ప్రవర్తించి తప్పు తొట్టిలో పడుతుంది. పదార్థం మారలేదు, దాని పైపూత మారిందంతే.

'కరెంటు ఏది పారనిస్తుంది, ఏది పారనివ్వదు' అన్న విభజన ఎంత పైపైదో చెప్పడానికి ఈ ఒక్క యంత్రం చాలు. వెండి, రాగి ఒక కొసన, టెఫ్లాన్ ఇంకో కొసన పెట్టి కొలిస్తే, నిరోధకతలో తేడా 1 పక్కన ఇరవై నాలుగు సున్నాలు దాటుతుంది. రోజూ కొలుచుకునే ఇంకే గుణమూ ఇంత దూరం సాగదు. బరువు సంగతే చూస్తే, అతి బరువైన లోహం ఆస్మియం సాంద్రత నీటికి సుమారు ఇరవై రెండున్నర రెట్లే. అంత పొడవైన మెట్లదారిని మధ్యలో ఒక గీత గీసి రెండు ముక్కలు చేయడం బోధనకు సౌకర్యం, అంతే.

ఆ గీత గీసిన చరిత్రలో పట్టుదారానికి ఒక పాత్ర ఉంది. పట్టుచీరలకు పేరున్న బరంపురంలో దీన్ని చెప్పుకోవడం ముచ్చటే. 1729లో ఇంగ్లండులో స్టీఫెన్ గ్రే పొడవైన జనపతాడు వెంట విద్యుత్తును పంపే ప్రయోగాలు చేస్తూ, తాడును పట్టుదారాలతో వేలాడదీశాడు. ఒకసారి పట్టుదారం తెగిపోయింది. బలంగా ఉంటుందని దాని చోట ఇత్తడి తీగ కట్టాడు. అంతే, ప్రయోగం పనిచేయడం మానేసింది. ఆవేశమంతా ఇత్తడి తీగ వెంట ఎటో జారిపోయింది. పట్టుదారం విద్యుత్తును జారిపోనివ్వకుండా ఆపింది సన్నగా ఉన్నందుకు కాదు, పట్టు అయినందుకు అని అతనికి అప్పుడు తెలిసింది. ఆ తర్వాత అరవై ఏళ్లయినా కాకుండానే, 1776లో హెన్రీ కావెండిష్ ఇనుప తీగ వాననీటి కన్నా నలభై కోట్ల రెట్లు బాగా విద్యుత్తును పంపుతుందని ప్రకటించాడు. అప్పటికి మీటర్లు లేవు. తన ఒంటికి తగిలే షాకు ఎంత గట్టిగా ఉందో పోల్చుకుని కొలిచాడు. ఆ పద్ధతిని ఇవాళ ఎవరూ అనుకరించకపోవడమే మేలు.

ఇక మన కొండల దగ్గరికి. ఛత్రపురం ఇసుక ఎక్కడిది? తూర్పు కనుమల్లోంచి ఋషికుల్య లాంటి నదులు కోసుకొచ్చి సముద్రంలో కలిపినదే. ఆ కనుమల్లో విరివిగా ఉన్న రాయి పేరు ఖోండలైటు. ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. కోణార్క ఆలయం కట్టింది ప్రధానంగా ఈ రాతితోనే. దీనిలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్ ఉంటాయి, చాలా చోట్ల గ్రాఫైటు కూడా. కోరాపుట్ వైపు పంచపట్మాలి కొండ మీద ఇదే రాయి లక్షల ఏళ్ల వానకు, ఎండకు కుళ్లి అల్యూమినియం ఖనిజమైన బాక్సైటుగా మారింది. రాయగడ, కలహండి వైపు ఇదే రాతిలో గ్రాఫైటు పొరలు దొరుకుతాయి. చిదిమి సముద్రానికి పంపితే సిల్లిమనైట్, గార్నెట్ గింజలవుతాయి. అంటే ఒకే రాతి కుటుంబంలోంచి కరెంటు తీగకు కావలసిన లోహమూ వస్తుంది, ఆ తీగను మోసే పింగాణీ జాతి సరుక్కు పనికొచ్చే సిల్లిమనైటూ వస్తుంది, రెండింటికీ మధ్య నిలిచే గ్రాఫైటూ వస్తుంది. పర్లాకిమిడి నుంచి జయపురం దాకా తెలుగు వినిపించే ఊళ్లన్నీ ఈ రాయి మీదనో, దీని అంచుల్లోనో ఉన్నాయంటే పెద్ద తప్పు కాదు.

బాక్సైటు కథలో తిరుగుడు చూడండి. పంచపట్మాలిలో తవ్విన బాక్సైటును కింద దామన్‌జోడిలో నాల్కో అనే అల్యూమినియం సంస్థ శుద్ధి చేసి అల్యూమినా అనే తెల్లటి పొడిగా మారుస్తుంది. ఆ పొడి రైల్లో అంగుల్‌లోని స్మెల్టరుకు, అంటే లోహం తీసే కర్మాగారానికి వెళ్తుంది, కొంత విశాఖ రేవు మీదుగా విదేశాలకు పోతుంది. అల్యూమినా గట్టి బంధకం. దాని నిరోధకత 10¹² ఓం-మీటర్ల స్థాయిలో ఉంటుంది. అదే పొడిలోంచి ఆక్సిజన్‌ను వదిలిస్తే మిగిలే అల్యూమినియం నిరోధకత 2.65 × 10⁻⁸. పరమాణువులు అవే. తేడా 1 పక్కన ఇరవై సున్నాలు. అల్యూమినాలో ఒక్కో అల్యూమినియం పరమాణువు తన పైవరుస ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు అప్పజెప్పేసింది. ఆక్సిజన్ వాటిని గట్టిగా పట్టుకుంది. లోహంలో ఆ ఎలక్ట్రాన్లు ఎవరి సొత్తూ కావు, ఊరుమ్మడి చెరువులో నీళ్లలాంటివి.

ఆ ఆక్సిజన్‌ను వదిలించడానికి చెల్లించే మూల్యం కూడా కరెంటే. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ విడివిడిగా కనిపెట్టిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. క్రయొలైటు అనే లవణాన్ని 950 డిగ్రీల పైచిలుకు వేడిలో కరిగించి దానిలో అల్యూమినా వేస్తారు. గట్టిగా ఉన్నప్పుడు కరెంటు పారనివ్వని లవణం, కరగగానే అయాన్లు కదలడం మొదలై పారనిస్తుంది. నాలుగు వోల్టుల చిల్లర ఒత్తిడితో లక్ష ఆంపియర్లకు మించిన ప్రవాహాన్ని కార్బన్ కడ్డీల గుండా పంపుతారు. కిలో అల్యూమినియానికి సుమారు 13 నుంచి 15 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. ఒక మధ్యతరగతి ఇల్లు వేసవి రోజున వాడేంత అనుకోవచ్చు.

వచ్చిన లోహమైనా నేరుగా తీగకు పనికిరాదు. కరెంటు తీగల కోసం వాడే అల్యూమినియం 99.5 శాతం స్వచ్ఛంగా ఉండాలి. మిగిలిన అర శాతంలో ఏముందన్నది కీలకం. ఇనుము ఉంటే అంత నష్టం లేదు, అది విడిగా ముద్దకట్టి ఒక పక్కన పడి ఉంటుంది. టైటానియం, వనేడియం, క్రోమియం, మాంగనీసు లాంటివైతే అల్యూమినియం పరమాణువుల వరుసల్లోకే చొరబడి కూర్చుంటాయి, ఎలక్ట్రాన్ల దారికి అడ్డం పడతాయి. అందుకే కరిగిన లోహంలో కాస్త బోరాన్ కలుపుతారు. అది టైటానియాన్నీ వనేడియాన్నీ పట్టుకుని బోరైడ్లుగా కట్టి అడుగుకు దింపుతుంది. మలినం మొత్తాన్ని తీసేయకుండా, ఉన్న మలినాన్ని దారిలోంచి మూలకు నెట్టడమన్నమాట. 1864 నాటికే మత్తీసెన్ అనే శాస్త్రవేత్త లోహాల నిరోధంలో వేడివల్ల వచ్చేది వేరు, మలినాల వల్ల వచ్చేది వేరు, రెండూ కూడుకుంటాయని చెప్పాడు. బోరాన్ కిటుకు వెనక ఉన్నది ఆ సూత్రమే.

లోహానికి మలినం శత్రువు. సిలికాన్ దగ్గరికొస్తే కథ తల్లకిందులు. స్వచ్ఛమైన సిలికాన్ నిరోధకత గది వేడిలో సుమారు 2300 ఓం-మీటర్లు. కోటి సిలికాన్ పరమాణువులకు ఒక్క ఫాస్ఫరస్ పరమాణువు కలిస్తే అది రెండు లక్షల రెట్లకు పైగా పడిపోతుంది. ఎందుకిలా? ఠాకురాణి యాత్ర రాత్రి బరంపురం వీధిని తలుచుకుంటే సరి. జనం కిక్కిరిసి నడుస్తుంటే నడి వీధిలో నిలిపిన తోపుడుబండి అందరికీ ఆటంకమే. లోహంలో ఎలక్ట్రాన్లు అలా కిక్కిరిసి ఉంటాయి, కాబట్టి మలినం అడ్డమే తప్ప సాయం కాదు. తెల్లవారుజామున ఖాళీ వీధిలో అయితే కొత్తగా వచ్చిన ఒక్క మనిషే రాకపోకలు మొదలెడతాడు. సిలికాన్‌లో ఫాస్ఫరస్ తెచ్చిచ్చేది ఆ కొత్త మనిషిని. ఇసుకలోని రూటైల్ గింజకు వాహకత్వం అబ్బిందీ ఇలాగే, ఎవరూ ఉద్దేశించకుండా.

వేడి విషయంలోనూ ఈ రెండు జాతులు ఎదురెదురుగా నడుస్తాయి. రాగి తీగ 20 డిగ్రీల నుంచి 75 డిగ్రీలకు కాగితే నిరోధం సుమారు 22 శాతం పెరుగుతుంది. పాత వందవాట్ల బల్బులో టంగ్‌స్టన్ తీగ వెలుగుతున్నప్పుడు దాదాపు 530 ఓంలు చూపిస్తుంది, ఆర్పి చల్లారాక కొలిస్తే అందులో పదో వంతు కూడా ఉండదు. స్విచ్చి వేసిన క్షణంలోనే బల్బులు ఎక్కువగా మాడిపోవడానికి ఇదొక కారణం. సిలికాన్ జాతికి వేడి చేస్తే నిరోధం తగ్గుతుంది. మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడులో ఈ వింత చూశాడు. దానికి అర్థం చెప్పే సిద్ధాంతం రావడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

తీగల దగ్గర ఆగినప్పుడు ఒక మాట. పొడవూ మందమూ సమానమైతే రాగి ముందు అల్యూమినియం ఓడుతుంది, దాని వాహకత్వం రాగిలో 61 శాతం. కానీ స్తంభం మోసేది మందాన్ని కాదు, బరువును. రాగి సాంద్రత 8.96, అల్యూమినియానిది 2.70. కిలోకు కిలో తూచి పోలిస్తే అల్యూమినియం రాగికి రెట్టింపు కరెంటు మోస్తుంది. అందుకే ఊళ్ల మీదుగా పోయే లైన్లు చాలావరకు అల్యూమినియమే, మధ్యలో బలానికి ఉక్కు తీగ. ఈ తీగలకు జంతువుల పేర్లు పెట్టే సంప్రదాయం బ్రిటిషువారి నుంచి వచ్చింది. పల్లె లైనుకు స్క్విరల్, వీజల్, రాబిట్. పెద్ద లైన్లకు డాగ్, పాంథర్, జీబ్రా, మూస్. ఉడత నుంచి దుప్పి దాకా తీగ మందం పెరుగుతూ పోతుంది. లైన్‌మన్లకు ఆ పేర్లు మీటరు లెక్కల కన్నా బాగా గుర్తుంటాయి.

అయితే అల్యూమినియానికి ఒక దుర్గుణం ఉంది. గాలి తగిలిన మరుక్షణం దాని మీద నానోమీటర్ల మందంలో అల్యూమినా పొర కడుతుంది. దామన్‌జోడి తెల్లపొడే, పరమాణువుల ఎత్తు పొరగా. తుప్పు నుంచి తీగను కాపాడేదీ అదే, రెండు తీగలు కలిపిన చోట కరెంటును అడ్డుకునేదీ అదే. గీకకుండా, జాయింట్లకు రాసే గ్రీజు రాయకుండా, బిగువు చాలకుండా మెలిపెట్టిన జాయింటు వేడెక్కుతుంది. వేడెక్కి సాగుతుంది, చల్లారి వదులవుతుంది, మళ్లీ వేడెక్కుతుంది. వేసవి రాత్రుల్లో స్తంభం మీద నిప్పురవ్వలు కనిపిస్తే నేరం తీగది కాకపోవచ్చు, ఎక్కువసార్లు జాయింటుది. అల్యూమినియాన్ని నేరుగా రాగికి కడితే, తేమ తగిలినప్పుడు రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ పుట్టి అల్యూమినియాన్ని తినేస్తుంది. దానికి రెండు లోహాల లగ్గులు ప్రత్యేకంగా దొరుకుతాయి, ఖరీదు చూసి చాలామంది కొనరు.

రాయగడ కొండల గ్రాఫైటుకు ఇంకో విచిత్రం ఉంది. దానికి వాహకత్వం ఒక్క అంకె కాదు, రెండు. కార్బన్ పరమాణువులు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. పొర వెంట ఎలక్ట్రాన్లు సులువుగా పరుగెడతాయి, పొర నుంచి పొరకు దూకాలంటే కష్టం. మంచి స్ఫటికంలో ఈ రెండు దిక్కుల మధ్య తేడా వెయ్యి రెట్లు దాటుతుంది. అదే కార్బన్‌ను ప్రతి పరమాణువూ నలుగురితో గట్టిగా చేతులు కలిపేలా పేరిస్తే వజ్రం, బంధకం. భూగర్భ శాస్త్రవేత్తలకు గ్రాఫైటు గుణం వేటకుక్కలా ఉపయోగపడుతుంది. భూమిలో గ్రాఫైటు పట్టీ ఉన్న చోట పైన రెండు కడ్డీలు పాతితే బ్యాటరీ లేకుండానే వోల్టేజీ కనిపిస్తుంది. పైన ఆక్సిజన్ తగిలే మట్టికీ కింద తగలని మట్టికీ మధ్య గ్రాఫైటు తీగలా పనిచేయడం వల్ల అది పుడుతుంది. తవ్వకుండానే నేల లోపలి పొరను పట్టే పాత ఉపాయాల్లో ఇదొకటి.

కార్బన్ అనగానే ఎర్తింగ్ గుంత గుర్తొస్తుంది. బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, మధ్యలో పైపు దించి, వేసవిలో నీళ్లు పోయడం ఇక్కడి ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన పద్ధతి. బొగ్గు కరెంటు లాగుతుందని వాళ్లు చెబుతారు. అది సగం నిజం. 400, 500 డిగ్రీల వేడిలో కాల్చిన మామూలు కట్టెబొగ్గు చాలా బలహీనమైన వాహకం. ఏడెనిమిది వందల డిగ్రీలు దాటించి కాలిస్తేనే దానిలో గ్రాఫైటు ముక్కలు పెరిగి కరెంటు బాగా పారుతుంది. గుంతలో బొగ్గు చేసే అసలు పని తడిని పట్టి ఉంచడం. కరెంటును మోసేది ఆ తడిలో కరిగిన ఉప్పు అయాన్లు. ఆ ఉప్పు కొన్ని వానలకు కొట్టుకుపోతుందని, పైపును తుప్పు పట్టిస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు.

నేల కరెంటును అడ్డుకునే తీరును అంకెల్లో చూస్తే కొండకూ తీరానికీ మధ్య తేడా భయపెడుతుంది. నేల నిరోధకతను కొలవడానికి 1915లో ఫ్రాంక్ వెన్నర్ చెప్పిన పద్ధతే ఇప్పటికీ వాడుకలో ఉంది. నాలుగు కడ్డీలు సమాన దూరంలో పాతి, బయటి రెంటి గుండా కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజీ చూస్తారు. కరెంటు పంపే కడ్డీలు, కొలిచే కడ్డీలు వేరువేరు కాబట్టి కడ్డీకీ మట్టికీ మధ్య ఉండే అడ్డంకి లెక్కలోకి రాదు. ప్రయోగశాలలో సిలికాన్ పలక మీద పెట్టే నాలుగు సూదుల పరికరం చేసేదీ ఇదే. మామూలు మల్టీమీటరుకు ఆ తెలివి లేదు, దానికున్నవి రెండే కాళ్లు. సన్నటి పొరల్ని మల్టీమీటరుతో కొలిచి పదార్థం మీద తీర్పు చెప్పే కళాశాల ప్రాజెక్టుల్లో చాలావాటికి ఉన్న రోగం అదే. అవి కొలిచేది పదార్థాన్ని కాదు, సూది మొనను.

గంజాం తీరంలో ఉప్పు కలిసిన తడి బంకమట్టి 10 ఓం-మీటర్ల దగ్గర ఉండొచ్చు. కోరాపుట్ వైపు ఎర్రటి జేగురురాతి నేల ఎండాకాలంలో వెయ్యి దాటడం వింత కాదు. మూడు మీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఒకే పైపును రెండు చోట్లా దించితే, తీరంలో ఎర్తు నిరోధం సుమారు 3 ఓంలు వస్తుంది. వెయ్యి ఓం-మీటర్ల కొండ మీద 285. ఇప్పుడు ఇంట్లో మోటారు బాడీకి ఫేజు తగిలిందనుకుందాం. సబ్‌స్టేషను వైపు నిరోధాన్ని పక్కన పెడితే తీరంలోని ఇంట్లో 230 వోల్టులకు 75 ఆంపియర్ల పైనే పారి ఫ్యూజు ఎగిరిపోతుంది. కొండ మీది ఇంట్లో పారేది ఒక ఆంపియరు కూడా ఉండదు. ఫ్యూజుకు చీమ కుట్టినట్టయినా ఉండదు, మోటారు బాడీ మాత్రం షాకు కొట్టడానికి సిద్ధంగా ఉంటుంది. ఎర్తింగ్ ఉంది కాబట్టి భయం లేదన్న నమ్మకం అక్కడ ప్రాణాంతకం. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా తెగిపోయే బ్రేకరు కొండ ఊళ్లకు విలాసం కాదు.

విద్యుత్ శాఖకు ఈ తలనొప్పి పాతదే. ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా కట్టుకున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. అక్కడి నుంచి కనుమలు దిగే లైన్ల టవర్లకు రాతి నేలలో పాదం దగ్గర ఎర్తు దొరకదు. పిడుగు పడ్డప్పుడు ఆ ప్రవాహం నేలలోకి దిగలేకపోతే టవరే వోల్టేజీకెక్కి, పిడుగు కరెంటు టవరు నుంచి తీగ మీదకు దూకుతుంది. అందుకని రాతి నేలల్లో టవరు కాళ్ల నుంచి పదుల మీటర్ల పొడవున తీగల్ని నేలలో అడ్డంగా పరుస్తారు. లోతుకు పోలేనప్పుడు వెడల్పుకు పోవడమే దారి.

తీరానిది ఎదురు సమస్య. అక్కడ నేల మంచిదే, గాలి చెడ్డది. హుమ్మా, గంజాం ఉప్పు మడులను చూసినవారికి ఉప్పు ఎంత తేలిగ్గా గాల్లోకి లేస్తుందో తెలుసు. ఉప్పురాయి ఎండుగా ఉంటే బంధకమే. నీళ్లలో కరిగి చిక్కటి ఉప్పునీరైతే మీటరుకు 20 సీమెన్సులు (వాహకత్వపు కొలమానం) దాటే వాహకం, సముద్రపు నీటికి నాలుగైదు రెట్లు. రెండింటి మధ్య గీత గాలిలోని తేమే గీస్తుంది. గాలి తేమ 75 శాతం దాటగానే ఉప్పు గాల్లోంచే నీరు పీల్చుకుని చెమర్చడం మొదలెడుతుంది. స్తంభం మీది పింగాణీ ఇన్సులేటరు మీద నెలల తరబడి పేరుకున్న ఉప్పుపొర పగలంతా ఏమీ చేయదు. తెల్లవారుజామున మంచు దిగగానే అది తడిసి, కరెంటు ఉపరితలం వెంట పాకుతుంది, ఒక్కోసారి భగ్గుమంటుంది. తీరం ఊళ్లలో కరెంటు తెల్లవారుజామునే ఎందుకు పోతుందన్న ప్రశ్నకు ఉన్న జవాబుల్లో ఇదొకటి.

మంచి వాన దీనికి మందు, ఇన్సులేటరును కడిగేస్తుంది. సన్నటి తుంపర మాత్రం విషం, తడుపుతుందే తప్ప కడగదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పటిలాంటి తుపాను గాలులు ఉప్పుతుంపరను చాలా లోపలి దాకా మోసుకెళ్తాయి. ఇంజనీర్లు దీన్ని ఎదుర్కోవడానికి ఇన్సులేటరు ఉపరితలాన్ని మడతలు పెట్టి పొడవు పెంచుతారు. బాగా కలుషితమైన తీరాల్లో లైను గరిష్ఠ వోల్టేజీ ప్రతి కిలోవోల్టుకూ 31 మిల్లీమీటర్ల దారి ఉండాలన్నది ఒక ప్రమాణం. 33 కిలోవోల్టుల లైనుకు, గరిష్ఠం 36గా లెక్కిస్తే, అది మీటరుకు పైనే అవుతుంది. ఇంకో మార్గం సిలికోన్ రబ్బరు ఇన్సులేటర్లు. తామరాకు మీదలాగే వాటి మీద నీరు బొట్లు బొట్లుగా విడిపోతుంది. బొట్టుకూ బొట్టుకూ మధ్య పొడి జాగా ఉన్నంత కాలం ఉప్పు ఉన్నా దారి తెగి ఉంటుంది.

బావి నీళ్ల పరీక్షలో కనిపించే ఈసీ (విద్యుత్ వాహకత్వం) అంకె కూడా ఈ కొలతే, సెంటీమీటరుకు మైక్రో సీమెన్సుల్లో. దాన్ని 0.5 నుంచి 0.7 మధ్య ఒక సంఖ్యతో గుణించి కరిగిన లవణాలు ఇన్ని అని చెబుతారు. ఆ గుణకమే ఏ లవణం ఉందన్న దాన్ని బట్టి మారుతుంది కాబట్టి, చౌక టీడీఎస్ మీటరు చూపే అంకె ఉజ్జాయింపే. ఫ్లోరైడు ఉందా, నైట్రేటు ఉందా, మామూలు ఉప్పేనా అన్నది దానికి తెలియదు. చప్పటి నీళ్లలో విషం ఉన్నా మీటరు మంచి అంకె చూపించొచ్చు.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా ప్రాణాలతో ఆడుకునే పదార్థం కర్ర. బాగా ఎండిన కర్ర మంచి బంధకం. పచ్చి కర్ర కాదు. పూర్తిగా ఎండిన స్థితి నుంచి నారంతా తడి పట్టేదాకా వచ్చేసరికి కర్ర నిరోధకత వెయ్యి కోట్ల రెట్ల దాకా పడిపోతుంది. కలప వ్యాపారులు దుంగలో రెండు సూదులు గుచ్చి తేమ శాతం చెప్పే మీటరు నడిచేది దీని మీదే. గుణుపురం, కాశీనగర్ వైపు వెదురు దొరకని ఊరుండదు. తెగిపడ్డ తీగను వెదురు గడతో పక్కకు నెట్టడం ఎక్కడైనా చూడొచ్చు. ఎండు వెదురేగా అన్న ధీమాతో ఆ పని చేస్తారు. తీగలు తెగేది గాలివానలోనే. గడ లోపల ఎండుగా ఉన్నా, పైన వాన తడి, చేతి చెమట కలిసి, జిర్కాన్ గింజ మీది నీటిపొర చేసిన పనే ఇక్కడా చేస్తాయి. పొడి చర్మం నిరోధం లక్ష ఓంల దాకా ఉండొచ్చు, తడిస్తే వెయ్యికి దిగుతుంది. రెండు రక్షణలూ ఒకే వానకు ఒకేసారి పోతాయి.

పిడుగుల నుంచి కాపాడటానికి తాటిచెట్లు నాటాలన్న ఒడిశా ప్రభుత్వ ఆలోచనకు పునాది కూడా పచ్చి చెట్టు గుండా రసం వెంట కరెంటు పారుతుందన్నదే. పొడవుగా, ఒంటరిగా నిలబడే తాడి పిడుగును తన మీద వేసుకునే మాట నిజం. అయితే చెట్టు మామూలు తీగతో పోలిస్తే చాలా నాసిరకం వాహకం. మోసే దారి చాలకపోతే పిడుగు మధ్యలోనే చెట్టును వదిలి, కింద నిలబడ్డ మనిషి మీదకు దూకుతుంది. పొలం గట్టు మీది తాడి పొలానికి రక్ష కావచ్చు, దాని కింద తలదాచుకున్న కూలీకి మాత్రం కాదు.

లైవు లైను మీద పనిచేసే నిపుణులు గాజునార కర్రలు వాడతారు. గాజూ రెజినూ కలిపి చేసిన ఆ కర్ర లోపలికి నీరు పీల్చదు, ఒక్కో అడుగు పొడవుకు లక్ష వోల్టుల చొప్పున పెట్టి పరీక్షించాకే పనికి ఇస్తారు. అయినా తీగ దగ్గరికి ఎత్తే ముందు సిలికోన్ పట్టించిన గుడ్డతో కొస నుంచి కొసదాకా తుడుస్తారు, రాత్రి మంచు పడిందా లేదా అని చూడకుండా.